బాన్స్కా ష్టియావ్నిత్సా: వెండి అయిపోయినా నీళ్ళు మిగిలిన ఊరు

(పోయిన ఆదివారం సాయంత్రం కొత్తగూడెంలో రిటైరైన మైనింగ్ ఉద్యోగులు కలిసినప్పుడు ఒక సీనియర్ ఇంజినీర్ గారు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు అడిగారని ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్నవాళ్ళలో సగం మంది నాకంటే ముందు బొగ్గు బాయి దిగినవాళ్ళు, వాళ్ళ ముందు మైనింగ్ గురించి మాట్లాడాలంటే నాకు కొంచెం జంకే. వెనకాల మనవళ్ళు మనవరాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళని బలవంతంగా తీసుకొచ్చారని మొహాలు చూస్తేనే తెలుస్తోంది. ఫోన్లు సైలెంట్‌లో పెట్టమని నేను అడగను, ఎందుకంటే ముందు మోగేది నాదే.

మా అమ్మాయి, అల్లుడు బ్రాటిస్లావాలో ఉంటారని మీకు తెలుసు. స్లొవాకియా రాజధాని. స్లొవాకియా అంటే ఎక్కడ అని మొన్న మన రాజయ్య అన్న అడిగాడు, అడిగి మంచిపని చేశాడు, చాలామంది స్లొవేనియా అనుకుంటారు. ఇది వేరే. పాత చెకొస్లొవేకియా గుర్తుందా, మన స్కూల్ అట్లాసుల్లో ఉండేది, అది 1993 జనవరి 1న రెండు దేశాలైంది, అందులో తూర్పు ముక్క స్లొవాకియా. దేశం మొత్తం కలిపి యాభై నాలుగు లక్షల మంది. అంటే మన హైదరాబాద్ కంటే తక్కువ. దేశం మొత్తం!

అమ్మాయి వాళ్ళింటికి పోతే ఏం చేస్తాం, రెండు వారాలు మనవడితో ఆడుకున్నాక నాకు కాలు నిలవలేదు. మామయ్యా మీకు ఒక మైనింగ్ ఊరు చూపిస్తా అని అల్లుడు కార్లో తీసుకెళ్ళాడు, రెండున్నర గంటల ప్రయాణం, ఆ ఊరి పేరు బాన్స్కా ష్టియావ్నిత్సా. నోరు తిరగలేదు కదా? నాకూ తిరగలేదు. జర్మన్లు షెమ్నిట్స్ అంటారు, హంగేరీ వాళ్ళు షెల్‌మెత్స్‌బాన్యా అంటారు. ఒక ఊరికి మూడు పేర్లు ఎందుకంటే అక్కడ మూడు జాతుల వాళ్ళూ బతికారు, పదమూడో శతాబ్దంలో జర్మన్ గని పనివాళ్ళని రాజులే పిలిపించుకున్నారు, పాలించింది హంగేరీ రాజ్యం, చుట్టుపక్కల పల్లెల్లో స్లొవాక్‌లు. నేను ఇక నుంచి ఊరికే ష్టియావ్నిత్సా అంటా, సరేనా.

ముందు ఊరు ఎట్లా ఉంటుందో చెప్తా. కోటి ఏళ్ళ కింద చల్లారిపోయిన ఒక పెద్ద అగ్నిపర్వతం, దాని నోరు కూలిపోయి గిన్నెలాగా అయింది, ఆ గిన్నె లోపలి వాలు మీద ఊరు. సమతలంగా ఉండే నేల అంటూ లేదు. ఒక వీధిలోంచి గడప దాటి ఇంట్లోకి పోతే అది పై అంతస్తు, మెట్లు దిగి దిగి అడుగు అంతస్తుకొచ్చి తలుపు తీస్తే ఇంకో వీధి. నా మోకాళ్ళ సంగతి మీకు తెలుసు, ఆ రోజు నేను దేవుణ్ణి తల్చుకోని మెట్టు లేదు. అగ్నిపర్వతం కాబట్టే వెండి, బంగారం, సీసం, రాగి. వేడి నీళ్ళు రాతి పగుళ్ళలోకి ఎక్కి చల్లారినప్పుడు లోహం అక్కడ పేరుకుపోతుంది, దాన్నే మనం వెయిన్ అంటాం, మన బొగ్గు పొరలాగా పరుచుకుని ఉండదు, నిట్టనిలువుగా కిందికి దిగుతుంది. నిలువుగా దిగుతుంది అన్నమాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తా.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ ఊళ్ళో ఇవాళ ఎంతమంది ఉంటారు? చెప్పండి. లక్షా? కాదు. యాభై వేలా? కాదు. పదివేలు. పదివేలు కూడా నిండా ఉండరు. మన ఇల్లందు దానికంటే చాలా పెద్దది. మరి 1782లో లెక్క తీస్తే ఇరవై మూడు వేల మంది, చుట్టుపక్కల గని వాడలు కలుపుకుంటే నలభై వేలంటారు, అప్పట్లో హంగేరీ రాజ్యం మొత్తంలో మూడో పెద్ద ఊరు. బ్రాటిస్లావా, డెబ్రెట్సెన్, తర్వాత ఇదే. రెండున్నర వందల ఏళ్ళలో ఊళ్ళన్నీ పెరుగుతాయి, ఇది సగానికి పైగా తగ్గింది. ఎందుకు తగ్గిందో మనకి కొత్తగా చెప్పాలా? చెప్పక్కర్లేదు. కానీ తగ్గాక ఏం మిగిలింది అనేదే నేను ఇవాళ మాట్లాడదామనుకున్నది.

అక్కడ మైనింగ్ మ్యూజియం ఉంది, బర్తొలొమై అనే పాత గని, దాంట్లోకి జనాన్ని దింపుతారు. కోటు ఇస్తారు, హెల్మెట్ ఇస్తారు, ల్యాంప్ ఇస్తారు. నాకు నవ్వొచ్చింది, ముప్పై ఏళ్ళు జీతం తీసుకుని చేసిన పని ఇప్పుడు టికెట్ కొనుక్కుని చేస్తున్నా! మాకు గైడ్‌గా వచ్చినాయన పాత గని మనిషి. ఆయనకి ఇంగ్లీష్ కొంచెమే, నాకు స్లొవాక్ సున్నా, మధ్యలో మా అల్లుడు. నేను పైకప్పు మీద వేలి కణుపుతో తట్టి చప్పుడు విన్నా, అలవాటు కదా, గట్టిగా ఉందా డొల్లగా ఉందా అని. ఆయన ఆగిపోయి నా వైపు చూశాడు. మైనరా, అంటే గని మనిషివా? అన్నాడు. మైనరే అన్నా. అంతే, ఇక మిగతా టూరిస్టులని పక్కన పెట్టేసి నాకే చూపించుకుంటూ పోయాడు, వాళ్ళు పాపం వెనక నడిచారు.

ఒక దగ్గర ల్యాంపుని గోడకి ఆనించి పక్కకి తిప్పి పట్టుకున్నాడు. అట్లా వెలుతురు పడేసరికి గోడ నిండా గీతలు కనపడ్డాయి. ఒకదాని పక్కన ఒకటి, వేలెడు పొడుగు గీతలు, అన్నీ ఒకే వాలులో. ఉలి దెబ్బలు. ఒక చేత్తో ఉలి, ఒక చేత్తో సుత్తి, మనిషి భుజాలు పట్టేంత దారి, అదీ పైన వెడల్పు కింద ఇరుకు. రోజంతా కొడితే ముందుకి ఎంత జరిగేదో ఆ రాయిని ముట్టుకుంటే నాకు అర్థమైంది, అది మన బొగ్గు కాదు, చిట్లదు. మరీ గట్టి రాయైతే కట్టెలు పేర్చి రాయికి మంట పెట్టేవాళ్ళు, రాయి ఎర్రగా కాగి పగిలేది, తర్వాత ఉలితో పెకిలించేవాళ్ళు. గని లోపల మంట పెట్టడం! గాలి సంగతి ఆలోచించండి. మనం అగ్గిపుల్ల తీసుకెళ్తే ఉద్యోగం పోయేది.

ఇక మందు పేల్చడం. షాట్‌ఫైరర్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? చెయ్యెత్తండి. ఆ, మీ పని మొదలైంది ఆ ఊళ్ళోనే అంటారు వాళ్ళు. 1627 ఫిబ్రవరి 8న ఆల్ప్స్ కొండల్లోని టిరోల్ నుంచి వచ్చిన కాస్పర్ వైండ్ల్ అనే ఆయన గనిలో తుపాకి మందు పెట్టి రాయి పేల్చి చూపించాడు, అధికారులు దగ్గరుండి చూసి పొగ తొందరగానే పోయింది, ఎవరికీ హాని కాలేదు అని కాగితం మీద రాసుకున్నారు. ప్రపంచంలో ఇదే మొదటిసారి అని అక్కడ బోర్డు కూడా ఉంది. ఇటలీ వాళ్ళు మేం అంతకు ముందే చేశాం అంటారు. నా ఉద్దేశం అడిగితే, ఎవరు ముందు పేల్చారన్నది ఎట్లా ఉన్నా, పేల్చింది తేదీతో సహా రాసిపెట్టినవాడిదే గెలుపు.

ఊళ్ళో ఇంకోటి చూపించారు, క్లొపాచ్కా అంటారు, 1681లో కట్టిన చిన్న టవర్. పైన ఒక చెక్క పలక వేలాడుతుంటుంది, తెల్లవారుజామున ఒకడు ఎక్కి చెక్క సుత్తులతో దాన్ని వాయించేవాడు, ఆ చప్పుడుకి ఊరంతా లేచి గనికి పోవాలి. మన ఫస్ట్ షిఫ్ట్ సైరనే. గని మనిషి చచ్చిపోయినా అదే పలక, అంతిమయాత్రకి వాయించేవాళ్ళు. దాని అడుగు భాగంలో ఒకప్పుడు జైలు. ఇప్పుడు టీ కొట్టు పెట్టారు, నేను తాగా, టీ అంటే వాళ్ళది వేడినీళ్ళలో ఆకు, దాని గురించి ఇంక మాట్లాడను.

అసలు శత్రువు నీళ్ళు

ఇప్పుడు ఇందాకటి మాటకొస్తా. వెయిన్ నిలువుగా దిగుతుంది అన్నా కదా. వెండి వెంట కిందికి పోవాలి, కిందికి పోయేకొద్దీ ఏమొస్తుంది? ఆ, నీళ్ళు. ఇక్కడున్న పంపు ఖలాసీలకి ఎవరూ చెప్పక్కర్లేదు. మనకి కరెంట్ పంపులున్నా వానాకాలం వస్తే మేనేజర్‌కి నిద్ర ఉండేది కాదు. మరి పదిహేడో శతాబ్దంలో? మనుషులు చేతి పంపులు కొట్టేవాళ్ళు, తోలు సంచుల్లో తోడేవాళ్ళు, గుర్రాలని గానుగలాగా తిప్పి లాగించేవాళ్ళు. 1700 దాటేసరికి ఖర్చు వెండి కంటే ఎక్కువైపోయింది, గనులు మునిగిపోతున్నాయి, మూసేద్దామా అనే మాట అప్పట్లో హంగేరీని కూడా ఏలుతున్న వియన్నా చక్రవర్తి దర్బారు దాకా పోయింది.

ఇక్కడ చిక్కేంటంటే, నీటి చక్రం పెట్టి పంపు నడుపుదామంటే ఊరు కొండ మీద ఉంది, చెప్పుకోదగ్గ నది లేదు. కింద గనిలో కావల్సినన్ని నీళ్ళు, వద్దన్నా వస్తున్నాయి. పైన చక్రం తిప్పడానికి మాత్రం నీళ్ళు లేవు. ఎంత విడ్డూరం చూడండి!

స్టీమ్ ఇంజిన్ కూడా తెప్పించారు. ఐజాక్ పాటర్ అనే ఇంగ్లీషాయన 1722లో పక్కనే ఉన్న నోవా బాన్యాలో పెట్టాడు, ఇంగ్లండ్ దాటి యూరప్ నేల మీద నడిచిన మొదటి స్టీమ్ ఇంజిన్ అదే. తర్వాత ష్టియావ్నిత్సా గనుల మీద కూడా పెట్టారు. కానీ అక్కడ బొగ్గు లేదు, కట్టెలు కొట్టి మండించాలి, అడవి ఎన్నాళ్ళని ఆగుతుంది? అందుకని వాళ్ళ మనుషులే ఇంకో దారి చూశారు. మాట్యాష్ కొర్నేల్ హెల్ అని గని యంత్రాలు చూసే మేస్త్రీ ఒకాయన, శామ్యూల్ మికోవీని అని లెక్కలు, మ్యాపులు తెలిసిన ఇంజినీరు ఒకాయన. వాళ్ళేం చేశారంటే, వాననీళ్ళు, మంచు కరిగిన నీళ్ళు, చుక్క పోకుండా పట్టడం మొదలుపెట్టారు. కొండ నడుం చుట్టూ సన్నటి కాల్వలు, లెవల్ చూసుకుని చాలా కొద్దిపాటి వాలుతో తవ్వారు, ఎక్కడ వాన పడ్డా ఆ కాల్వలోకే దిగాలి. మధ్యలో గుట్ట అడ్డమొస్తే సొరంగం కొట్టి అవతలికి మళ్ళించారు. అట్లాంటి కాల్వలు అన్నీ కలిపితే వంద కిలోమీటర్ల పైన. ఆ నీళ్ళన్నీ చెరువుల్లోకి. చెరువులు ఎన్ని కట్టారు? అరవై దాకా. మట్టి కట్టలే. అన్నీ కలిపి డెబ్భై లక్షల ఘనపు మీటర్ల నీళ్ళు పట్టేవి.

ఆ చెరువుల్లో నీళ్ళు వదిలితే కింద చక్రం తిరుగుతుంది, చక్రం పంపుని లాగుతుంది, పంపు గని నీళ్ళని తోడుతుంది. పై నీళ్ళతో కింది నీళ్ళని తోడటం అన్నమాట. ఒక చక్రం తిప్పిన నీళ్ళు ఊరికే పోనివ్వరు, దాని కింద ఇంకో చక్రం, దాని కింద ఇంకోటి, ఆఖరికి రాయిని దంచే రోకళ్ళకి. ఒక్కో బకెట్ నీళ్ళని నాలుగైదు సార్లు పనికి పంపేవాళ్ళు. నేను అక్కడ రిచ్నావా చెరువు కట్ట మీద నిలబడి చాలాసేపు చూశా. అల్లుడేమో ఏముంది మామయ్యా చెరువే కదా అంటాడు. వాడు సాఫ్ట్‌వేర్, వాడికేం తెలుసు. కట్ట లోపలి వాలుకి రాళ్ళు పేర్చిన తీరు, తూము పెట్టిన చోటు, అదంతా మూడు వందల ఏళ్ళ కింద, థియోడొలైట్ సరిగ్గా లేని కాలంలో. మికోవీని డిజైన్ చేసిన రోజ్‌గ్రుండ్ అనే చెరువు 1740లలో కట్టింది, ఇవాళ్టికీ ఊరికి తాగునీళ్ళిస్తోంది.

మాట్యాష్ కొడుకు యోసెఫ్ కరోల్ హెల్ ఇంకో అడుగు ముందుకేశాడు. 1749లో నీటి స్తంభం యంత్రం పెట్టాడు. అంటే చక్రమే లేదు, పైనుంచి గొట్టంలో నీళ్ళు దింపి ఆ బరువుతో పిస్టన్ని తోయించాడు, పిస్టన్ పంపుని లాగింది. హైడ్రాలిక్స్ చదివిన పిల్లలకి ఇది తెలుస్తుంది. తర్వాత నాలుగేళ్ళకి గాలిని నొక్కిపెట్టి నీళ్ళు ఎక్కించే ఇంకో మిషన్ కూడా చేశాడు. దీంట్లో ఒక తమాషా ఉంది, మీకు చెప్పి తీరాలి. ఆ మిషన్‌లో నొక్కుకుపోయి ఉన్న గాలిని కుళాయి తిప్పి ఒక్కసారి వదిలితే బుస్సుమని వచ్చి దాంతోపాటు మంచు ముక్కలు పడేవి. ఎండాకాలంలో కూడా! గని చూడ్డానికి పెద్దమనుషులెవరన్నా వస్తే పనివాళ్ళు ఆ కుళాయికి అడ్డంగా టోపీ పట్టమనేవాళ్ళు, టోపీ నిండా మంచు. గాలి ఒక్కసారిగా వ్యాకోచిస్తే చల్లబడుతుంది, కానీ ఆ రోజుల్లో ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలీదు, పనివాళ్ళకి మాత్రం చుట్టాలని ఆశ్చర్యపరచడానికి పనికొచ్చింది. ఈ హెల్‌కి అన్నో తమ్ముడో మాక్సిమిలియన్ హెల్ అని ఖగోళ శాస్త్రవేత్త, 1769లో శుక్రుడు సూర్యుడికి అడ్డంగా పోవడం చూడ్డానికి నార్వే ఉత్తర కొసకి వెళ్ళాడు, చంద్రుడి మీద ఒక గుంటకి ఆయన పేరుంది. గని మేస్త్రీ పిల్లలండీ వీళ్ళంతా.

ఇంకా లోతుకి పోయాక పైకి తోడటం కంటే కిందినుంచి వదిలేయడం మేలు అనుకున్నారు. అడిట్ అంటే మనకి తెలుసు, కొండ పక్క నుంచి అడ్డంగా తవ్వుకుంటూ పోయే సొరంగం, నీళ్ళు వాటంతటవే పల్లానికి పోతాయి. హ్రోన్ నది ఒడ్డున వొజ్నిత్సా దగ్గర 1782లో మొదలుపెట్టారు. ఎప్పుడు పూర్తయిందో చెప్పండి? 1878. తొంభై ఆరు ఏళ్ళు! పదహారు కిలోమీటర్ల పైన. మొదటి దెబ్బ కొట్టినవాడు, వాడి కొడుకు, వాడి మనవడు కూడా చివర చూడకుండా పోయి ఉంటారు. మధ్యలో నెపోలియన్ యుద్ధాలు, 1848 తిరుగుబాట్లు, డబ్బుల్లేక పని ఆగడాలు, అయినా మళ్ళీ మొదలుపెట్టారు. మనం రెండేళ్ళ ప్రాజెక్టుకి నాలుగుసార్లు ఎస్టిమేట్ మారుస్తాం. సరే వదిలేద్దాం, ఇక్కడ అకౌంట్స్ వాళ్ళు కూడా ఉన్నారు.

నీళ్ళే బడి కూడా పెట్టించాయి అంటాను నేను. ఎందుకంటే లెక్క తెలీకుండా ఆ కాల్వలు తవ్వలేరు. 1735లో గని బడి పెట్టారు, మికోవీనియే మొదటి మాస్టారు. 1762లో మారియా థెరీసా మహారాణి దాన్ని పెద్ద చదువుగా మార్చమని ఆర్డరిచ్చింది, అదే మైనింగ్ అకాడమీ అయింది. అక్కడి గొప్పేంటంటే కెమిస్ట్రీ ల్యాబ్‌లో ప్రతి స్టూడెంట్ తన చేత్తో ప్రయోగం చేయాలి. ఇవాళ మనకి అది మామూలే, అప్పట్లో యూరప్‌లో మాస్టారు చేస్తుంటే పిల్లలు దూరంగా కూర్చుని చూసేవాళ్ళు. 1794లో పారిస్‌లో పెద్ద ఇంజినీరింగ్ స్కూల్ పెడుతున్నప్పుడు ష్టియావ్నిత్సాలో చేసినట్టు చేద్దాం అని అక్కడి సభలో చెప్పారంటే చూసుకోండి. డాప్లర్ ఎఫెక్ట్ చదివారా పిల్లలూ? ఆ డాప్లర్ కూడా 1847 నుంచి కొంతకాలం ఇక్కడ పాఠాలు చెప్పినవాడే. ఫారెస్ట్రీ చదువు కూడా కలిపారు, వాళ్ళు నాటిన అమెరికా సెకోయా చెట్లు ఇంకా ఉన్నాయి, తలెత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది.

వెండి పోయాక

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక దేశాల గీతలు మారాయి. ష్టియావ్నిత్సా చెకొస్లొవేకియాలోకి వచ్చింది. అకాడమీ హంగేరీ వాళ్ళది కాబట్టి ప్రొఫెసర్లు, స్టూడెంట్లు, సామాన్లు సర్దుకుని హంగేరీలోని షోప్రోన్‌కి వెళ్ళిపోయారు. ఇప్పుడు దాని వారసులు మిష్కోల్త్స్‌లో, షోప్రోన్‌లో ఉన్నారు, ఆ పిల్లలు ఇవాళ్టికీ పాత ష్టియావ్నిత్సా యూనిఫాం వేసుకుంటారు, ఆ పాటలే పాడతారట. ఊరికి మాత్రం ఒక్కసారిగా చదువూ పోయింది, అప్పటికే వెండి ధరా పడిపోయింది. ఇక ఎవరుంటారు? గనులు ఏదో ఒక రకంగా సీసం, జింకు తీసుకుంటూ లాగాయి, 1990లలో అక్కడ అవీ ఆగిపోయాయి.

ఇక్కడ నాకు ఒకటి బాగా తట్టింది. ఊరు బీదదైపోయింది కాబట్టే మిగిలింది. డబ్బులుంటే పాత ఇళ్ళు పడగొట్టి కొత్తవి కట్టుకునేవాళ్ళు. డబ్బుల్లేవు, పడగొట్టలేదు, బాగు కూడా చేయలేదు, సున్నం రాలిపోతూ అట్లానే నిలబడ్డాయి. 1993లో యునెస్కో వాళ్ళు వచ్చి ఊరినీ చుట్టుపక్కల ఈ చెరువులూ కాల్వలూ గనులూ అన్నిటినీ కలిపి ప్రపంచ వారసత్వం కింద పెట్టారు. ఊరికి మాత్రమే కాదు, చూడండి, చెరువులకి కూడా. ఇరవై నాలుగో ఎన్నో చెరువులు ఇప్పటికీ ఉన్నాయి. ఎండాకాలంలో దేశం నలుమూలల నుంచి జనం వచ్చి ఈత కొడతారు, కట్ట మీద దుప్పటి పరుచుకుని పడుకుంటారు, పిల్లలు దూకుతుంటారు. వాళ్ళలో ఎంతమందికి ఇది గని కోసం కట్టిన చెరువని గుర్తుంటుందో నాకు తెలీదు, గుర్తులేకపోయినా పర్లేదు.

మన కోలార్ బంగారు గనులు చూశారా ఎవరైనా? మన తెలుగువాళ్ళు ఎంతమంది అక్కడ పనిచేశారు, 2001లో మూసేశారు. సయనైడ్ కలిసిన మట్టి గుట్టలు మిగిలాయి, గాలొస్తే ఇళ్ళ మీద పడుతుంది, మనుషులు తెల్లారి రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి వస్తారు. అదీ గని ఊరే, ఇదీ గని ఊరే. బెల్లంపల్లి సంగతి మీకు నేను చెప్పాలా? ఇల్లందులో బొగ్గు మొదట తీసింది 1889లో, మన సింగరేణికి పుట్టిల్లు, ఇవాళ అక్కడ పాత బాయి ముందు నిలబడి మనవడికి చూపిద్దామంటే ఏం చూపిస్తాం? ఓపెన్‌కాస్ట్ గుంటల్లో నీళ్ళు నిలబడి ఉన్నాయి. ఆ నీళ్ళని ఏం చేద్దాం అని ఇప్పుడే కాగితం మీద పెట్టాలి, బొగ్గు అయిపోయాక కాదు. దీని మీద నేను ఎన్నిసార్లు ఉత్తరాలు రాశానో ఇక్కడ కొందరికి తెలుసు, జవాబు వచ్చినప్పుడు మీకూ చెప్తా.

సరే, మనుషుల గురించి చెప్పమని చిట్టీ పంపారు, చెప్తా. అక్కడి మనుషులకి వాళ్ళమీద వాళ్ళకే జోకులు ఎక్కువ. నాత్స్కో అని ఒక గని పనివాడి పాత్ర ఉంది, మొద్దుగా మాట్లాడుతున్నట్టే ఉంటాడు, ఆఖరికి ఆఫీసర్‌ని బకరా చేస్తాడు. మన క్యాంటీన్‌లో చెప్పుకునే ఓవర్‌మన్ జోకులు, అదే గని సూపర్‌వైజర్ మీద జోకులు, అక్కడ చెప్పినా నవ్వుతారు. టౌన్‌హాల్ మీద గడియారం చూపించి టైం ఎంత అన్నారు, నేను చెప్పా, అందరూ నవ్వారు. దాంట్లో పెద్ద ముల్లు గంటలు, చిన్న ముల్లు నిమిషాలు చూపిస్తుంది. ఎందుకు మార్చలేదు అంటే, ఎందుకు మార్చాలి, మాకు అలవాటైంది అన్నాడు గైడు.

సెప్టెంబర్‌లో సలమాందర్ అని పెద్ద ఊరేగింపు జరుగుతుంది, సలమాందర్ అంటే బల్లిలాంటి ప్రాణి. ఒక గొర్రెల కాపరికి రెండు బల్లులు కనపడ్డాయట, ఒకదాని వీపు మీద బంగారం పొడి, ఒకదాని మీద వెండి పొడి, అవి దూరిన రాయిని ఎత్తి చూస్తే ఖనిజం. అందుకని ఊరేగింపులో ముందు కాపరి, బల్లి, వెనకాల లాంతర్లు పట్టుకుని గని వాళ్ళు, పాత అకాడమీ స్టూడెంట్ల వేషాలు, అటూ ఇటూ వంకరటింకరగా బల్లి పాకినట్టు నడుస్తారు. గని వాళ్ళది నల్ల యూనిఫాం, దానికి ఇరవై తొమ్మిది బంగారు రంగు గుండీలు, గని పనివాళ్ళని కాపాడుతుందని వాళ్ళు నమ్మే సెయింట్ బార్బరా ఇరవై తొమ్మిదేళ్ళకే చనిపోయిందని ఆమె పేరు మీద. మనం బాయి మీద మైసమ్మకి మొక్కకుండా దిగేవాళ్ళం కాదు, వాళ్ళు బార్బరాకి. గని మూసేసి ముప్పై ఏళ్ళయినా గైడు ఆ యూనిఫాం ఇస్త్రీ చేసి పెట్టుకున్నాడు, ఫోన్లో ఫొటోలు చూపించాడు, ఒక గుండీ ఊడితే వాళ్ళావిడ వేరే షాపు గుండీ కుట్టిందని ఇప్పటికీ ఆమె మీద కోపం.

ప్రేమకథ కూడా ఉంది, ఆడవాళ్ళు వెనక నుంచి నవ్వుతున్నారు. ఆంద్రెయ్ స్లాద్కోవిచ్ అని ఆ ఊళ్ళో చదువుకున్న కవి, బీదవాడు, మరీనా అనే అమ్మాయికి పాఠాలు చెప్పడానికి వెళ్ళి ప్రేమలో పడ్డాడు. అమ్మాయి తల్లిదండ్రులు ఉన్నవాడికి, తేనె రొట్టెలు చేసే వ్యాపారికి ఇచ్చి చేశారు. ఈయనేం చేశాడు? 291 పద్యాల కావ్యం రాశాడు, 1846లో అచ్చయింది, ఇప్పుడు స్లొవాక్ పిల్లలందరికీ పాఠం. పాపం ఆ రొట్టెల వ్యాపారి గురించి ఒక్క పద్యం ఎవరూ రాయలేదు, సంసారం చేసింది మాత్రం ఆయనే! మరీనా ఇంట్లో మ్యూజియం పెట్టారు, ప్రేమకి బ్యాంకు అంటారు, గోడ నిండా లక్ష చిన్న చిన్న డబ్బాలు, జంటలు డబ్బులిచ్చి వాటిలో గుర్తులు దాచుకుంటారు. నాకు కొంచెం వ్యాపారంలాగానే అనిపించింది. మా అల్లుడు అడిగితే నేను వద్దన్నా, మా అమ్మాయి ముందు ఇది చెప్పకండి.

2023 మార్చి 18న ఆ మధ్య వీధుల్లో పెద్ద మంటలు లేచాయి. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పైకప్పులన్నీ కట్టె, గాలి తోడైంది, ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకి పాకింది, మరీనా ఇల్లు కూడా అంటుకుంది. దేశం మొత్తం నుంచి డబ్బులు పంపారు. నేను వెళ్ళినప్పుడు ఇంకా గోడలకి కర్రలు కట్టి ఉన్నాయి, పైన కొత్త దూలాలు తెల్లగా కనపడుతున్నాయి. పనిచేస్తున్న వడ్రంగులు పాత కొలతలే పట్టుకుని చేస్తున్నారని చెప్పారు. కుర్రాళ్ళు మాత్రం ఊళ్ళో తక్కువే, అందరూ బ్రాటిస్లావా, వియన్నా. ఇళ్ళు కొనేది కూడా ఎక్కువ బయటివాళ్ళే, శనాదివారాలకి వచ్చి పోయేవాళ్ళు, దాని మీద గైడు గొణిగాడు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పండి సత్యం గారూ. గనులేమన్నా నడిచాయా ఆ తర్వాత అని. పక్కన హొద్రుషా అనే పల్లెలో రొజాలియా అని గని, అంతా మూతపడ్డాక కూడా అక్కడ బంగారం తీశారు. ఇంకెవరు? బీరు సంగతా? ఇది ఎవరు అడిగింది, చెయ్యెత్తండి, ఆ, అనుకున్నా. దగ్గర్లో వీహ్నే అనే ఊళ్ళో 1473 నాటి బీరు ఫ్యాక్టరీ, ఆ బీరు పేరు స్టైగర్, గని సూపర్‌వైజర్‌ని అట్లా పిలిచేవాళ్ళట. అంటే ఓవర్‌మన్ పేరు మీద బీరు! మన దగ్గర ఓవర్‌మన్ పేరు మీద ఏముంది, తిట్లు తప్ప. నేను తాగానా లేదా అనేది ఈ రికార్డింగ్ ఆపాక చెప్తా, ఇది మా ఆవిడ కూడా చదువుతుంది.

ఎప్పుడు వెళ్తే బాగుంటుంది అంటే, చలికాలం వద్దు. చెరువులు గడ్డకడతాయి, వాళ్ళు వాటి మీద స్కేటింగ్ చేస్తారు, మన ఎముకలకి ఆ మెట్లు, ఆ మంచు పడవు. జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య పోండి, మంచి గ్రిప్ ఉన్న బూట్లు వేసుకోండి, గని లోపల చల్లగా ఉంటుంది కాబట్టి లోపలొక స్వెట్టర్. పచ్చడి డబ్బా తీసుకెళ్ళండి. ఇంకా ప్రశ్నలున్నవాళ్ళు టీ దగ్గర పట్టుకోండి నన్ను, హాల్ తాళం వేయాలంట.